చెయ్యి మాత్రమే కనబడే షాట్

లైట్ల పనివాళ్ళందరూ అతన్ని నిచ్చెన అనేవాళ్ళు. మనిషి అంత పొడుగు. మిగతావాళ్ళు స్టూలెక్కి తగిలించే లైటును అతను నేల మీద నిలబడి చెయ్యి చాపి తగిలించేవాడు. ఇరవై రెండేళ్ళుగా సినిమా షెడ్లలో అదే పని. లైటు మొయ్యడం, పైకెక్కించడం, దాని ముందున్న రేకు రెక్కలు తిప్పి ఎవరి మొహం మీద వెలుగు పడమంటే వాళ్ళ మొహం మీద పడేసి, కదలకుండా పట్టుకోవడం. మొహాలు మారతాయి, పట్టుకునేవాడు మారడు. అతని రెండు ముంజేతుల నిండా కాలిన మచ్చలే.

అతని కూతురికి తొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ దాన్ని మిరియం అనేది. చూస్తే గింజంత, నోరు తెరిస్తే ఘాటు. అమ్మ పోయి ఏడు నెలలైంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ మిరియం ఇప్పుడు సినిమాలో వేషం వేస్తోంది. ఎవరూ వెతికి పట్టుకుని ఇచ్చిన వేషం కాదు. బడికి సెలవులు, ఇంట్లో అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు, పిల్ల ఒక్కచోట నిలవదు. గత్యంతరం లేక నిచ్చెన దాన్ని వెంటబెట్టుకొచ్చి ఓ మూల కూర్చోబెట్టాడు. గంట కూడా కాకముందే అది లేచి, "ఇందాక ఆవిడ కప్పు కుడి చేత్తో పట్టుకుంది. ఇప్పుడు ఎడం చేతిలోకి ఎలా వచ్చింది?" అని అందరి ముందూ అడిగేసింది. అలాంటి తప్పులు చూడ్డానికే జీతం తీసుకుంటున్న అసిస్టెంట్ మొహం మాడిపోయింది. డైరెక్టర్ పగలబడి నవ్వాడు. సరిగ్గా ఆ వారంలోనే, వేషం వెయ్యాల్సిన పిల్లకు గవదబిళ్ళలు వచ్చి మొహం గుమ్మడికాయలా వాచింది. వేషం ఇటు వచ్చింది.

సినిమా కథ ఏమిటంటే, ఓ చిన్నపిల్లకు అమ్మ చచ్చిపోతుంది. ఆ పిల్ల దాన్నెలా తట్టుకుందన్నదే మొదటి నుంచి చివరిదాకా.

"బుద్ధుందా నీకు?" అని అమ్మమ్మ అల్లుడి మీద విరుచుకుపడింది. "దాని పుండు మీద కారం చల్లమని మనమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అప్పజెప్పాలా?"

పట్టుబట్టింది మిరియమే. "అది ఎలా ఉంటుందో నాకు తెలుసు అమ్మమ్మా. తెలియని పిల్లైతే అంతా తప్పుగా చేస్తుంది."

తెలుసు అంది. దానికి తెలిసిందంతా నిచ్చెన చెప్పిందే. అతను చెప్పిందంతా అబద్ధం.

నిజం ఇది. అతని భార్య కూడా ఆ షెడ్లలోనే, నటీనటులకు బట్టలు కుట్టేది. జబ్బు పడి ఆరు వారాలు పెద్దాసుపత్రిలో ఉంది. పొద్దున అమ్మమ్మ, మధ్యాహ్నం నుంచి అతను, అలా వంతులు వేసుకుని చూసుకునేవాళ్ళు. ఓ రోజు పొద్దున డాక్టర్ వచ్చి, "ఇవాళ ఎవరో ఒకరు దగ్గరే ఉండండి" అన్నాడు. అమ్మమ్మ ఫోన్ చేసి ఆ మాట చెప్పింది. బడి నుంచి పిల్ల వచ్చే వేళకు ఆవిడ ఇంటికి వెళ్ళి తీరాలి. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది.

నిచ్చెన రెండింటికి వెళ్ళి ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగాడు. మేనేజర్ తలెత్తకుండానే, "ఒక్క షాటే ఉంది. అది అయ్యాక పో. నువ్వు దిగితే ఆ లైటెవడు పట్టుకుంటాడు?" అన్నాడు.

"సరే సార్" అని నిచ్చెన మళ్ళీ పైకెక్కాడు.

ఆ ఒక్క షాటు ఓ డబ్బున్నవాళ్ళింటి పిల్లాడి పుట్టినరోజు. కొవ్వొత్తులు ఊదాలి. ఓసారి ముందే ఆరిపోయాయి, ఓసారి ఆరనే లేదు, ఓసారి పిల్లాడు కేకు మీద తుమ్మాడు, కొత్త కేకు వచ్చేదాకా గంటసేపు ఆగారు. షాట్ అయ్యేసరికి ఆరున్నర. ఆ నాలుగున్నర గంటలూ నిచ్చెన మళ్ళీ నోరు విప్పలేదు. పక్కనే పదిమంది తోటివాళ్ళున్నారు, ఒక్కడికి చెప్పలేదు. ఇలాంటి నోరుమూసుకోవడాన్ని ఓర్పు అని మెచ్చుకునేవాళ్ళుంటారు. ఓర్పు లేదు, గాడిదగుడ్డు లేదు. అది భయం. ఇరవై రెండేళ్ళపాటు రోజూ కాస్త కాస్త ఎముకల్లోకి ఇంకిన భయం. అది పూర్తిగా పట్టిన మనిషి పెళ్ళాం చావుకు కూడా అనుమతి కోసం వరసలో నిలబడతాడు.

అతను ఆసుపత్రికి చేరేసరికి మంచం మీద దుప్పటి మార్చేసి ఉంది. నాలుగింటికే పోయిందన్నారు. కింద శవాల గదికి తీసుకెళ్ళి చూపించారు.

ఇంటికి రాగానే పిల్ల అడిగింది. "నువ్వు అమ్మ పక్కనే ఉన్నావు కదా నాన్నా?"

"ఉన్నానమ్మా" అన్నాడు. ఒక్క మాట. ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు.

కానీ మిరియం ఒక్క మాటతో వదిలే రకమా! ఎటువైపు కూర్చున్నావు, ఏ చెయ్యి పట్టుకున్నావు, అమ్మ ఏమంది, నువ్వేమన్నావు అని తిండి దగ్గర, స్నానం దగ్గర, బస్సులో అడుగుతూనే ఉంది. అతను చెబుతూనే పోయాడు. అమ్మ "పిల్ల తిందా?" అని అడిగింది. నేను "తింది" అన్నాను. అమ్మ నవ్వింది. కిటికీలో పావురం వాలింది. దాన్ని చూస్తూ చూస్తూ కళ్ళు మూసుకుంది. ఏడు నెలల్లో ఆ అబద్ధానికి కాళ్ళు, చేతులు, రెక్కలు కూడా వచ్చాయి. ఒక్కోసారి చెబుతూ చెబుతూ అతనే కళ్ళు తుడుచుకునేవాడు. అప్పుడు పిల్లే అతన్ని ఓదార్చేది.

*

షెడ్డులో ఆసుపత్రి గదిని ప్లైవుడ్‌తో కట్టారు. మూడే గోడలు. నాలుగో గోడ ఉండాల్సిన చోట కెమెరా. ఓ ఇనప మంచం, సెలైన్ స్టాండు, దానికి తలకిందులుగా వేలాడదీసిన సీసాలో కుళాయి నీళ్ళు. అమ్మ వేషం వేసిన నటి మంచం మీద పడుకుని దుప్పటి కింద ఫోన్ చూసుకుంటోంది. నిచ్చెన పైన, అడ్డంగా కట్టిన పలక మీద, పెద్ద లైటు వెనకాల ఉన్నాడు. కింద స్విచ్చుల పెట్టె దగ్గర లైట్ల మేస్త్రి. ముసలాయన, సగం పళ్ళు లేవు, నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

కాగితం మీదున్న సీను ఏమిటంటే, పిల్ల తలుపు తోసుకుని వస్తుంది, అమ్మ చనిపోయి ఉంటుంది, పిల్ల అమ్మా అని అరిచి మీద పడి ఏడుస్తుంది.

"యాక్షన్!"

మిరియం తలుపు తోసుకుని వచ్చింది. మంచం దాకా నడిచింది. చేతులు కట్టుకుని నిలబడింది.

"కట్! ఏమైంది తల్లీ? అరవాలి కదా?" అన్నాడు డైరెక్టర్.

"ఇలా జరగదు అంకుల్."

"ఏది?"

"ఇదంతా. ఆవిడ ఒక్కతే ఎందుకుంది? చచ్చిపోయేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా ఎలా? వాళ్ళాయన ఎటు పోయాడు?"

"పనికి వెళ్ళాడమ్మా. కథలో అంతే."

"పెళ్ళాం చచ్చిపోతుంటే పనికి పోతాడా? వాడేం మనిషి?"

షెడ్డంతా గొల్లుమంది. దుప్పటి కింద శవం కూడా నవ్వింది. పైన పలక మీద ఒక్కడే నవ్వలేదు.

"మా నాన్నైతే పక్కనే ఉన్నాడు" అంది మిరియం, గొంతు పెంచి. "కుడి చేతికి సూది ఉంటుంది కదా, అందుకని ఎడం చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ 'పిల్ల తిందా' అంది. నాన్న 'తింది' అన్నాడు. అప్పుడు అమ్మ నవ్వింది. కిటికీలో పావురం కూడా వచ్చింది. దాన్ని చూస్తూనే కళ్ళు మూసుకుంది. అరుపులూ లేవు, ఏడుపులూ లేవు."

షెడ్డులో నవ్వు ఆగిపోయింది. డైరెక్టర్ చేతిలో కాగితాన్ని రెండుగా మడిచి, నాలుగుగా మడిచి, జేబులో కుక్కేశాడు. చెడ్డవాడు కాదు. కాకపోతే మంచి సీను వాసన తగిలితే అతనికి ఇంకేమీ కనపడదు.

"ఇదే తీద్దాం. అచ్చం ఇదే. నాన్న వేషం ఆయన ఎప్పుడొస్తాడు?"

"గురువారం సార్" అన్నాడు అసిస్టెంట్.

"గురువారం దాకా ఎవడాగుతాడు? మొహం అక్కర్లేదు. చెయ్యి చాలు. ఆవిడ మొహం, ఆయన చెయ్యి. ఎవరిదైనా చెయ్యి పెట్టండి."

అసిస్టెంట్ తన చెయ్యి చాపాడు. డైరెక్టర్ దాన్ని చూసి, "నీది కష్టం తెలిసిన చెయ్యి కాదు నాయనా, లోపల పెట్టు" అన్నాడు.

"మా నాన్న ఉన్నాడుగా!" మిరియం గెంతింది. "ఆయన్నే కూర్చోబెట్టండి. ఎలా పట్టుకోవాలో ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయనకు తెలుసు."

అందరి తలలూ పైకి లేచాయి. ఇరవై రెండేళ్ళలో అతని వైపు అంతమంది ఒకేసారి చూడటం అదే మొదలు.

"ఒరేయ్ నిచ్చెనా, దిగరా!" అన్నాడు మేస్త్రి. "హీరోవైపోయావు. రేపట్నించి మమ్మల్ని గుర్తుపట్టవు కాబోలు."

"లైటెవడు పట్టుకుంటాడు సార్?" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్, అలవాటుగా.

"ఎవరో ఒకరు పట్టుకుంటారయ్యా" అన్నాడు డైరెక్టర్.

ఏడు నెలల కింద దొరకని ఆ ఎవరో ఒకరు ఇప్పుడు అరనిమిషంలో దొరికాడు.

నిచ్చెన దిగాడు. వద్దు సార్, నా వల్ల కాదు అని గొణిగాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నారంతా. నాన్న వేషానికి కుట్టిన చొక్కా తెచ్చి తొడిగారు. దాని చేతులు అతనికి పొట్టయ్యాయి. మేకప్ మనిషి పౌడరు పట్టుకుని మచ్చల మీదికి వంగితే డైరెక్టర్ కసిరాడు, "ముట్టుకోకు. ఆ మచ్చలే కావాలి." మంచం పక్కన స్టూలు వేశారు. మిరియం కెమెరా పక్కనే కూర్చుంది. దాని మొహం ఎంత వెలిగిపోతోందంటే, అక్కడ లైటు అక్కర్లేదు.

"యాక్షన్!"

నటి ఎడం చెయ్యి అతని చేతిలో పెట్టారు. మెత్తగా, వెచ్చగా ఉంది. ఆవిడ మంచి నటి. కళ్ళు బరువుగా తెరిచి, ఎక్కడినుంచో మాట తెచ్చుకున్నట్టు, "పిల్ల... తిందా?" అంది.

నిచ్చెన నోరు తెరిచాడు. మూశాడు.

"కట్. 'తింది' అనాలి బాబూ. ఒక్క ముక్కే" అన్నాడు అసిస్టెంట్.

రెండోసారి చెయ్యి వణికింది. వణుకు బాగుంది గానీ మరీ అంత వద్దన్నాడు డైరెక్టర్. మూడోసారి "తిం" దగ్గర ఆగిపోయింది. మేనేజర్ చేతి గడియారం చూసుకుని గట్టిగా నిట్టూర్చాడు.

"నాన్నా" అని మిరియం గుసగుసలాడింది, పరీక్షలో పక్కపిల్లకు జవాబు అందించినట్టు. "తింది అను. నువ్వు అలాగే అన్నావుగా. మర్చిపోయావా?"

అప్పుడతనికి ఒక సంగతి అర్థమైంది. ఇంట్లో చెప్పిన అబద్ధం ఇంట్లో ఉంది. ఇది అలా కాదు. ఈ చెయ్యి, ఈ మచ్చలు సినిమాలోకి ఎక్కుతాయి. పిల్ల చూస్తుంది. పెద్దయ్యాక మళ్ళీ చూస్తుంది. దాని పిల్లలకు చూపిస్తుంది, ఇదిగో మీ తాతయ్య చెయ్యి, మా అమ్మను ఇలా పట్టుకున్నాడని. ఇక ఆ అబద్ధాన్ని తియ్యడం ఎవడి తరమూ కాదు.

నాలుగోసారి నటి "పిల్ల తిందా?" అంది.

అతను ఆవిడ చేతిని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టాడు.

"నేను లేను" అన్నాడు.

"డైలాగ్ అది కాదు" అన్నాడు అసిస్టెంట్.

"నేను లేను మిరియం. అమ్మ పోయినప్పుడు నేనక్కడ లేను."

మిరియం కనుబొమలు ముడిచింది. "బాత్రూంకి వెళ్ళావా?" అంది.

"కాదమ్మా. అసలు రానే లేదు. ఇక్కడున్నాను."

"ఇక్కడంటే?"

"ఈ షెడ్డులోనే. లైటు పట్టుకుని."

"ఎవరి మీద?"

"ఒక కేకు మీద" అన్నాడు. అన్నాక ఆ మాట ఎంత నీచంగా ఉందో అతనికే వినపడింది.

"మరి పిల్ల తిందా అంది కదా?"

"నాకు తెలీదు. నేనే కల్పించాను."

"పావురం?"

"అదీ కల్పించిందే."

"నవ్వింది... అది కూడానా?"

అతను తలూపాడు. మిరియం లేచి, తలుపు తోసుకుని, ప్లైవుడ్ గోడ వెనక్కి వెళ్ళిపోయింది. అతను వెంట వెళ్ళాడు.

గోడకు ముందువైపు రంగు. వెనకవైపు పచ్చి చెక్క, మేకులు, వడ్రంగి సుద్దతో వేసుకున్న గీతలు. పిల్ల ఆ చెక్కకు మొహం ఆనించి నిలబడింది. అతను దగ్గరికి రాగానే గిర్రున తిరిగి రెండు పిడికిళ్ళతో కొట్టింది. దానికందేది అతని పొట్టే. అక్కడే కొట్టింది.

"బళ్ళో అందరికీ చెప్పాను! టీచర్‌కి కూడా చెప్పాను! మా నాన్న పక్కనే ఉన్నాడని చెప్పాను!"

అతను కొట్టించుకున్నాడు. అది అలిసిపోయింది. ముక్కు గౌను చేతికి తుడుచుకుంది.

"ఎందుకు రాలేదు?"

"అడిగాను. షాట్ అయ్యాక పొమ్మన్నారు."

"నువ్వేమన్నావు?"

"సరే సార్ అన్నాను."

"అంతేనా?"

"అంతే."

"నేనైతే లైటు కింద పడేసి వచ్చేదాన్ని."

"అవును" అన్నాడు నిచ్చెన. "నువ్వైతే వచ్చేదానివి."

అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అప్పటికి ఇద్దరూ ఒకే ఎత్తుకు వచ్చారు. మిరియం అతని మొహం చూడకుండా చొక్కా గుండీ పట్టుకుని తిప్పుతూ అడిగింది, "మరి అమ్మ దగ్గర ఎవరున్నారు?"

"ఆయా ఉందన్నారు."

"అమ్మ ఆమెతో ఏం చెప్పింది?"

"నేను అడగలేదు."

"ఏడు నెలల్లోనా? ఒక్కసారి కూడానా?"

"ఆమె కూడా లేదంటుందేమోనని. ఎవరూ లేరంటుందేమోనని భయమేసింది."

మిరియం గుండీ వదిలేసింది. "పద, అడుగుదాం."

"ఇప్పుడా?"

"మరెప్పుడు? ఇంకో ఏడు నెలలు పోయాకా?"

*

ఇద్దరూ బయటికి వచ్చేసరికి అసిస్టెంట్ డైరెక్టర్ చెవిలో ఏదో ఊదుతున్నాడు. కెమెరా ఆపడం ఎవరికీ తోచలేదట. పిల్ల గోడ వెనక్కి వెళ్ళేదాకా అంతా రికార్డయిందట. డైరెక్టర్ మొహంలో రెండు మొహాలు కొట్టుకుంటున్నాయి. ఒకటి మనిషిది.

"తల్లీ" అన్నాడు మెల్లగా. "ఇందాక నాన్నను అడిగావే, అదే మళ్ళీ ఒక్కసారి..."

మంచం మీది నటి దుప్పటి తన్నేసి లేచి కూర్చుంది. చేతికి అంటించిన సూది పీకి పక్కన పడేసింది. "సిగ్గు లేకపోతే సరి. ఇవాళ్టికి నేను చచ్చింది చాలు. వాళ్ళను పోనివ్వండి."

"ఆరింటి దాకా షెడ్డు మనదే మేడం" అన్నాడు మేనేజర్. నిచ్చెన వైపు తిరిగి, "ఎక్కడికి? పని మధ్యలో ఎక్కడికి? పనయ్యాక..."

"ఆగు" అన్నాడు మేస్త్రి. స్విచ్చుల పెట్టె దగ్గర్నించి నడుచుకుంటూ వచ్చి మేనేజర్ ముందు నిలబడ్డాడు. "ఆ రోజు వీడు నిన్ను అడిగాడా లేదా?"

"నాకేం గుర్తు? రోజుకు ఇరవైమంది ఇరవై కారణాలు చెబుతారు."

"అడిగాడా?"

మేనేజర్ నేల చూశాడు. గుర్తు లేనివాడు అలా నేల చూడడు. మేస్త్రి నిచ్చెన వైపు తిరిగాడు.

"మరి నాకెందుకు చెప్పలేదురా? పది గజాల దూరంలో ఉన్నాను కదరా! నీ పెళ్ళాం నా ఈ చొక్కాకి పైసా తీసుకోకుండా ఎన్నిసార్లు గుండీలు కుట్టింది! నీ లైటు నేను పట్టుకోనా? వెధవా, నోరెక్కడ పెట్టుకున్నావు?"

ఇలాంటి ప్రశ్నకు ఒక్కడే జవాబు చెప్పలేడు. తోటివాణ్ణి నమ్మకుండా పైవాణ్ణి బతిమాలుకున్నవాళ్ళందరూ కలిసి చెప్పాల్సిన జవాబది.

"లైట్లు ఆర్పండిరా" అన్నాడు మేస్త్రి.

పైన పలకల మీద ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ఆర్పేశారు. పెద్దది, దాని పక్కది, మంచం మీదది. ఎవరూ నినాదాలివ్వలేదు, ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. మధ్యాహ్నం మూడింటికి షెడ్డు చీకటైపోయింది. తెరిచి ఉన్న పెద్ద తలుపులోంచి వచ్చే ఎండ ఒక్కటే మిగిలింది.

"ప్యాకప్" అన్నాడు డైరెక్టర్. ఆ మాట అతను అంత చిన్నగా అనడం అంతకుముందు ఎవరూ వినలేదు.

మిరియం అతని దగ్గరకెళ్ళింది. "ఇందాక తీసింది చెరిపెయ్యండి అంకుల్. అది సినిమా కాదు."

అతను అసిస్టెంట్‌కు సైగ చేశాడు. చెరిపేదాకా అది అక్కణ్నుంచి కదల్లేదు. తెర మీద ఖాళీ కనపడ్డాకే వచ్చి నాన్న వేలు పట్టుకుంది.

*

పెద్దాసుపత్రి మూడో అంతస్తు, ఆడవాళ్ళ వార్డు. నిచ్చెన మెట్ల దగ్గర ఆగిపోయాడు. మిరియం చొక్కా పట్టి లాగింది. అతని ఒంటి మీద ఇంకా ఆ పొట్టి చేతుల వేషం చొక్కాయే ఉంది.

మొదట కనబడ్డ ఆయా తనకేం తెలియదంది. రెండో ఆమె, "మధ్యాహ్నం డ్యూటీ అయితే ఆ పెద్దావిడే. వెళ్ళి అడుగు" అని లోపలికి చూపించింది. లోపల ఓ లావుపాటి ఆయా ఖాళీ మంచాల మీద దుప్పట్లు మారుస్తోంది. ఆవిడ చేతులు ఆగకుండా ఆడుతూనే ఉన్నాయి.

"ఆయమ్మా" అంది మిరియం. "ఏడు నెలల కింద ఇక్కడ, కిటికీ పక్క మంచం మీద, మా అమ్మ ఉండేది. బట్టలు కుట్టేది. సన్నగా ఉంటుంది. నాలుగింటికి చచ్చిపోయింది. అప్పుడు మీరున్నారా?"

ఆయమ్మ దుప్పటి దులుపుతూనే పిల్లను చూసింది, వెనకాల ద్వారబంధానికి తల తగిలేలా నిలబడ్డ మనిషిని చూసింది.

"ఏడు నెలలా? పిల్లా, నిన్న ఈ మంచంలో ఎవరున్నారంటేనే తడుముకోవాలి నేను."

"కాస్త గుర్తు తెచ్చుకోండి."

ఆవిడ నిజంగానే ఆలోచించింది. దుప్పటి చేతిలో ఆగిపోయింది. నిచ్చెన కళ్ళతోనే వేడుకున్నాడు. ఉందని చెప్పు తల్లీ, ఏదో ఒకటి చెప్పు, నీకేం పోయింది అని. ఆవిడ ఆ చూపు అందుకుంది కూడా. అందుకునీ తల అడ్డంగా ఊపింది.

"గుర్తు లేదమ్మా. గుర్తు లేనిది ఉందని చెప్తే నీ దగ్గర ఉండేది నా మాట, మీ అమ్మ కాదు."

మిరియం కింది పెదవి బయటికొచ్చింది. ఆయమ్మ గబగబా అంది, "ఏడవకు, విను. మధ్యాహ్నం డ్యూటీ ఎప్పుడూ నాదే. నేను లేకపోవడం అంటూ ఉండదు. మీ అమ్మ గుర్తు లేదు గానీ, ఎవరూ రాలేకపోయినవాళ్ళ దగ్గర నేనేం చేస్తానో అది చెప్పగలను. ఎవరికైనా అదే చేస్తాను."

"ఏం చేస్తారు?"

"తడిగుడ్డతో పెదాలు తడుపుతాను. జుట్టు దువ్వుతాను. తర్వాత వచ్చే వాళ్ళ మనుషులకు చింపిరి జుట్టుతో కనబడితే ఏం బాగుంటుంది?"

"నువ్వు వెళ్ళేసరికి అమ్మ జుట్టు దువ్వే ఉందా?" మిరియం వెనక్కి తిరిగి తండ్రిని అడిగింది.

నిచ్చెన కళ్ళు మూసుకున్నాడు. ఈసారి కల్పించలేదు, వెతికాడు. తెల్లటి దుప్పటి. దాని పైన మొహం. నుదుటి మీద ఒక్క వెంట్రుక కూడా లేదు. పాపిట తిన్నగా ఉంది. ఆరోజు అది చూశాడు గానీ అదేమిటో అతనికి తెలియలేదు.

"దువ్వే ఉంది" అన్నాడు. "పాపిట తీసి ఉంది."

మిరియం అతని మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. ఇక ముందు చాలాకాలం అలాగే చూస్తుంది. తప్పదు. నమ్మినట్టే ఉంది. ఆయమ్మ వైపు తిరిగింది.

"ఇంకా?"

"ఇంకా ఏముంది, పక్కన కూర్చుని మాట్లాడుతుంటాను. వాళ్ళు పలకరు. అయినా చెవులు పనిచేస్తూనే ఉంటాయంటారు."

"ఏం మాట్లాడతారు?"

ఆయమ్మ మొదటిసారి కాస్త సిగ్గుపడింది. "ఏం మాట్లాడతాను నా మొహం! మా కోడల్ని తిడుతుంటాను. ఇంట్లో తిట్టలేను కదా, అది నన్ను నమిలి మింగేస్తుంది. ఇక్కడైతే అడ్డు చెప్పేవాళ్ళెవరు?"

మిరియం ముక్కులోంచి నవ్వో ఏడుపో ఒకటి తన్నుకొచ్చింది. "మా అమ్మకు కూడా మీ కోడలి సంగతి చెప్పారా?"

"అందరికీ చెప్తాను. మీ అమ్మకెందుకు చెప్పను?"

"అయితే నాకూ చెప్పండి."

"నాకింకా ఆరు మంచాలున్నాయి తల్లీ."

"నేను పట్టుకుంటాను" అంటూ మిరియం దుప్పటి ఒక కొస అందుకుంది. దాని చేతులు చాలలేదు, సగం నేల మీదికి జారింది. ఆయమ్మ గడప వైపు కేక వేసింది, "ఏమయ్యా, అంత పొడుగు మనిషివి, అక్కడ స్తంభంలా నిలబడి ఏం చేస్తున్నావు? వచ్చి ఆ కొస పట్టుకో."

నిచ్చెన వచ్చి పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి దుప్పటిని గట్టిగా లాగారు.

"మా కోడలుందే" అని మొదలుపెట్టింది ఆయమ్మ, "పెళ్ళై వచ్చిన మూడో రోజే నా చీపురు దాచేసింది..."

"ఎందుకు?" అంది మిరియం.

"అదే కదా నేనూ అడుగుతున్నది, ఎందుకు? తొమ్మిదేళ్ళ నుంచి అడుగుతున్నాను..."